విదేశీ రెస్క్యూ కుక్కా, దగ్గరి షెల్టర్ కుక్కా: దత్తతకు ముందు తేల్చుకోవలసినవి

కుక్కను కొనకుండా దత్తత తీసుకోవాలనుకున్నవారికి మొదటి చిక్కు ఫోను తెర మీదే ఎదురవుతుంది. ఒకపక్క దగ్గరలోని షెల్టర్ జాబితా ఉంటుంది. అందులో చాలావరకు వయసు పైబడినవి, ఒడ్డూపొడవూ ఉన్నవి. ఒక్కోదాని కింద "చిన్నపిల్లలున్న ఇంటికి ఇవ్వం", "ఇంకో కుక్క ఉండకూడదు" లాంటి షరతులు. మరోపక్క రొమేనియా నుంచో, గ్రీస్ నుంచో, టర్కీ నుంచో వచ్చిన ఫొటోలు. చిన్న ముఖం, పెద్ద కళ్లు, "అందరితో కలిసిపోతుంది" అన్న ఒక్క వాక్యం, వచ్చే వారమే బండి బయలుదేరుతుందన్న తొందర. మనసు ఎటు లాగుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఎక్కడి కుక్క ఎక్కువ కష్టంలో ఉందన్న ప్రశ్నతో ఈ ఎంపిక తేల్చుకోవాలని చాలామంది చూస్తారు. ఆ లెక్క ఎప్పటికీ తెగదు, కష్టం రెండుచోట్లా ఉంది. నా దృష్టిలో అసలు ప్రశ్నలు రెండే. ఇంటికి రాకముందు ఆ కుక్క గురించి మీకు నిజంగా ఎంత తెలుస్తుంది? కుదరకపోతే దాన్ని వెనక్కి తీసుకునేది ఎవరు?

## దేన్ని బట్టి చూడాలి

మొదట స్వభావం. కుక్కపిల్ల మనుషులకు, పరిసరాలకు అలవాటుపడే కీలక కాలం సుమారు 3 వారాల వయసులో మొదలై 12-14 వారాలకు ముగుస్తుంది. ఆ రోజుల్లో ఇంటి గడప ఎరగని కుక్కకు మెట్లు, గాజు తలుపు, వాషింగ్ మెషీన్ చప్పుడు, టీవీలోంచి వచ్చే గొంతులు అన్నీ వింతే. లారీల మధ్య నుంచి నిబ్బరంగా రోడ్డు దాటే వీధికుక్క, హాల్లో మిక్సీ మోగగానే సోఫా వెనక్కి దూరి సాయంత్రం దాకా బయటికి రాకపోవచ్చు. దాన్ని పిరికిదనడం అన్యాయం. దానికి తెలిసిన ప్రపంచం వేరు, అంతే.

రెండోది ఆరోగ్యం, అందులోనూ వచ్చిన రోజున కంటికి కనిపించని జబ్బులు. మూడోది చట్టం, కాగితాలు. నాలుగోది దత్తత తర్వాతి బాధ్యత. ఖర్చును కావాలనే చివర పెడుతున్నాను. దత్తత రుసుముల్లో ఉండే తేడా కన్నా తర్వాత వైద్యానికీ శిక్షణకీ అయ్యే ఖర్చులో తేడా చాలా పెద్దది. రుసుము చూసి ఎంచుకున్నవారే తర్వాత ఎక్కువ బాధపడతారు.

## దగ్గరి షెల్టర్: చూసి ఎంచుకునే వీలు

షెల్టర్‌కు ఉన్న పెద్ద బలం, కుక్కను కళ్లారా చూడగలగడం. ఆ బలాన్ని చాలామంది సగమే వాడుకుంటారు. బోను ముందు నిలబడి, మొరగని కుక్కను "మంచిది" అని, మొరిగే కుక్కను "మొండిది" అని తేల్చేస్తారు. బోనులో ప్రవర్తన ఇంట్లో ప్రవర్తన కాదు. చుట్టూ పదుల కుక్కలు అరుస్తుంటే మామూలు కుక్క కూడా కమ్మీల మీదికి దూకుతుంది. మూలన ముడుచుకుని కదలకుండా ఉన్నది శాంతస్వభావం వల్ల కాక, భయంతో బిగుసుకుపోయి కావచ్చు.

అందుకే దాన్ని బయటికి తీసుకెళ్లి నడిపించే అవకాశం అడగండి. వీలైతే వేరే రోజు, వేరే వేళలో మళ్లీ వెళ్లండి. నడకలో మీ చేతిలోని తాళాలగుత్తి కొంచెం దూరంగా కింద పడేయండి. ఉలిక్కిపడితే తప్పు లేదు. ఎంతసేపటికి తేరుకుంటుందో చూడండి. కొన్ని సెకన్లలో ఆ తాళాలను వాసన చూడటానికి వచ్చే కుక్క వేరు, నడక ముగిసేదాకా తోక కడుపు కిందే పెట్టుకున్న కుక్క వేరు. రెండోదాన్ని తీసుకోవద్దని కాదు. దానికి ఎంత సమయం పడుతుందో మీకు ముందే అర్థమవుతుంది.

ఫారం నింపే మనిషితో పాటు, రోజూ గిన్నె పెట్టే మనిషితో కూడా మాట్లాడండి. తినేటప్పుడు దగ్గరికి వెళితే ఏం చేస్తుంది? వెనక కాలు పట్టుకుంటే ఊరుకుంటుందా? కొత్తవాళ్లు వస్తే ముందుకొస్తుందా, వెనక్కి తగ్గుతుందా? ఈ మూడింటికి ఆలోచించకుండా జవాబు చెప్పగలిగే మనిషి ఉన్నాడంటే ఆ షెల్టర్ ఆ కుక్కను నిజంగా గమనించిందన్నమాట.

షెల్టర్‌లో అన్నీ సవ్యంగా ఉంటాయనుకోవద్దు. వీధిలో దొరికి వచ్చిన కుక్క గతం అక్కడివారికీ తెలియదు. యజమాని వదిలేసి వెళ్లినదైతే "ఇల్లు మారుతున్నాం" అన్న కారణం వెనక కరిచిన సంగతి దాగి ఉండవచ్చు. గుంపుగా ఉన్నచోట కెన్నెల్ దగ్గు, పార్వో వైరస్ సులువుగా పాకుతాయి. పార్వో సోకాక లక్షణాలు బయటపడటానికి సాధారణంగా వారం పడుతుంది, కొన్నిసార్లు రెండు వారాలు కూడా. కాబట్టి షెల్టర్‌లో హుషారుగా కనిపించిన పిల్ల మీ ఇంటికొచ్చాక జబ్బుపడటం అరుదేమీ కాదు.

ఇక షరతుల సంగతి. కంచె ఉన్న పెరడు ఉండాలి, రోజంతా ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి, అద్దె ఇల్లయితే యజమాని రాతపూర్వక అనుమతి కావాలి అంటారు. కొన్ని షెల్టర్లు ఏ కుక్కకైనా ఒకే షరతుల పట్టిక వాడతాయి. పెరడు లేదన్న ఒక్క కారణంతో, రోజంతా నిద్రపోయే ముసలి కుక్కను కూడా ఇవ్వకపోవడం నాకు మొండితనంగానే కనిపిస్తుంది. అయితే ఇక్కడ కాదన్నారన్న కోపంతో ఏమీ అడగకుండా ఇచ్చే విదేశీ సంస్థ దగ్గరికి వెళ్లడం ఇంకా పెద్ద పొరపాటు. ఏమీ అడగని సంస్థ మీ ఇంటికి ఏ కుక్క సరిపోతుందో ఆలోచించలేదు. కారణం అడిగి తెలుసుకోండి. అది మీ ఇంటి గురించా, వాళ్ల పట్టిక గురించా తేల్చుకోండి. రెండోదైతే ఇంకో షెల్టర్ ఉంటుంది.

## విదేశం నుంచి నేరుగా: ఫొటో చూసి తెచ్చుకునే కుక్క

విదేశీ కుక్కను కోరుకోవడానికి సరైన కారణాలు లేకపోలేదు. కొన్ని దేశాల్లో వీధికుక్కల పరిస్థితి నిజంగా ప్రాణాంతకం. రొమేనియాలో 2013లో వచ్చిన చట్టం ప్రకారం, పట్టుకున్న కుక్కను 14 పనిదినాల్లో ఎవరూ తీసుకోకపోతే చంపవచ్చు. నెదర్లాండ్స్ వంటి దేశాల్లో వీధికుక్కలే దాదాపు లేవు, షెల్టర్లలో చిన్న కుక్కలు, కుక్కపిల్లలు దొరకడం కష్టం. అలాంటి చోట పక్క దేశం వైపు చూడటం సహజం.

చిక్కు ఎక్కడంటే, "పిల్లలతో బాగుంటుంది" అని రాసిన మనిషి ఆ కుక్కను పిల్లల దగ్గర చూసి ఉండకపోవచ్చు. వందల కుక్కలున్న ఆవరణలో మిగతావాటితో పోట్లాడని ప్రతి కుక్కా వారి దృష్టిలో కలుపుగోలుదే. కాబట్టి ఫొటోలతో సరిపెట్టుకోక వీడియోలు అడగండి, అదీ ఫలానా వీడియో కావాలని అడగండి: గదిలోకి అడుగుపెట్టేటప్పుడు, పట్టీ కట్టి నడిపిస్తున్నప్పుడు, ఎవరో చెవులూ పాదాలూ తాకుతున్నప్పుడు, ఎదురుగా తిండి ఉన్నప్పుడు. ఆ వీడియోలో తోకను మాత్రమే చూడకండి. పదే పదే పెదవులు నాకుతోందా, తల తిప్పకుండా కంటి తెల్లగుడ్డు కనిపించేలా పక్కచూపు చూస్తోందా, ఒడిలో ఉన్నా ఒళ్లు కొయ్యబారి ఉందా? ఒడిలో కదలకుండా ఉన్న కుక్కను ముద్దుగా ఎత్తుకున్న వీడియోలు చాలా ఉంటాయి. వాటిలో కొన్ని నిజానికి భయపు వీడియోలు.

కాగితాలు. ఇక్కడ తేదీలు లెక్కపెట్టడం వస్తే చాలా మోసాలు దొరికిపోతాయి. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం రేబిస్ టీకా 12 వారాల వయసు నిండాకే వేయాలి, ఆ తర్వాత 21 రోజులు ఆగాలి. అంటే రేబిస్ టీకా పడి ప్రయాణానికి అర్హత వచ్చేసరికి పిల్లకు కనీసం 15 వారాలు. టర్కీ, ఈజిప్ట్ వంటి, ఆమోదిత జాబితాలో లేని దేశాల నుంచి యూనియన్‌లోకి రావాలంటే రక్తపరీక్ష కూడా కావాలి. టీకా వేసిన 30 రోజుల తర్వాత రక్తం తీయాలి, అందులో యాంటీబాడీలు మిల్లీలీటరుకు 0.5 యూనిట్లకు తగ్గకూడదు, రక్తం తీసిన నాటి నుంచి ఇంకో మూడు నెలలు ఆగాలి. అలాంటి దేశం నుంచి నాలుగు నెలల పిల్ల వచ్చే వారం దిగుతుందని ఎవరైనా చెబితే కాగితాల్లో ఎక్కడో అబద్ధం ఉంది.

ఇంకో సంగతి. యూరప్‌లో కొత్త యజమాని చేతికి వెళ్లే కుక్క ప్రయాణాన్ని సొంత పెంపుడు కుక్క ప్రయాణంగా లెక్కించరు. సేవాసంస్థ పంపినా అది వాణిజ్య రవాణా కిందికే వస్తుంది. దానికి ఆరోగ్య ధ్రువపత్రం, ట్రేసెస్ అనే ప్రభుత్వ వ్యవస్థలో నమోదు ఉండాలి. "మా వాలంటీరు తన కుక్కగా తెచ్చేస్తుంది, మీకు పాస్‌పోర్టు ఇచ్చేస్తాం" అన్నారంటే అక్కడే ఆగిపోండి. సరిహద్దులో పట్టుబడితే క్వారంటైన్ పాలయ్యేది కుక్క, ఆ ఖర్చు మోయవలసి వచ్చేది చాలాసార్లు మీరే.

అమెరికా 2024 ఆగస్టు 1 నుంచి, వచ్చే ప్రతి కుక్కకూ కనీసం 6 నెలల వయసు, మైక్రోచిప్, అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ దిగుమతి పత్రం తప్పనిసరి చేసింది. రేబిస్ ముప్పు ఎక్కువగా ఉన్న దేశాల నుంచి వచ్చేవాటికి నిబంధనలు ఇంకా కఠినం. కెనడా అయితే 2022 సెప్టెంబరు 28 నుంచి అలాంటి దేశాల వాణిజ్య కుక్కలను పూర్తిగా ఆపేసింది, దత్తతకు తెచ్చేవి కూడా ఆ లెక్కలోకే వస్తాయి. బ్రిటన్‌లోకి రావాలంటే ప్రవేశానికి 24 నుంచి 120 గంటల ముందు బద్దెపురుగు మందు వేయించి ఉండాలి. ఈ నిబంధనలు తరచూ మారుతుంటాయి. అందుకని సంస్థ మాట మీద ఆధారపడకుండా మీ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి.

జబ్బులు. మీ వైద్యుడికి రోజూ ఎదురుకాని జబ్బులు వస్తాయన్నదే ఇక్కడి అసలు తేడా. మధ్యధరా తీర దేశాల్లో ఇసుక ఈగల ద్వారా వ్యాపించే లీష్మేనియాసిస్ నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి బయటపడదు. మందులతో అదుపులో ఉంటుంది కానీ పూర్తిగా వదలదు. పిడుదుల వల్ల వచ్చే ఎర్లీకియోసిస్, బబీసియోసిస్ ఉన్నాయి. దోమల వల్ల సోకే హార్ట్‌వార్మ్‌కు ఒక్క పరీక్ష చాలదు. పురుగు పెరిగి పరీక్షలో తేలడానికి సుమారు ఆరు నెలలు పడుతుంది, కాబట్టి వచ్చినప్పుడు ఒకసారి, ఆరు నెలల తర్వాత ఇంకోసారి చేయించాలి.

వీటన్నిటికన్నా ఎక్కువ చర్చ బ్రూసెల్లా కానిస్ అనే బాక్టీరియా మీద నడుస్తోంది. బ్రిటన్‌లో 2020 తర్వాత ఈ కేసులు పెరిగాయి, వాటిలో ఎక్కువ తూర్పు యూరప్ నుంచి, ముఖ్యంగా రొమేనియా నుంచి తెచ్చిన కుక్కల్లోనే తేలాయి. యాంటీబయాటిక్స్ ఇచ్చినా క్రిమి ఒంట్లోంచి పూర్తిగా పోయిందని నమ్మకంగా చెప్పలేరు. ఇది మనుషులకూ సోకగలదు. ఇంట్లో గర్భిణి ఉన్నా, రోగనిరోధక శక్తి తగ్గినవారు ఉన్నా దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కాబట్టి బయలుదేరేముందే పరీక్ష చేయించమని, ప్రయోగశాల పేరుతో ఉన్న అసలు నివేదిక పంపమని అడగండి. సోకిన కొత్తలో పరీక్షలో తేలకపోవచ్చు కనుక, వచ్చాక మళ్లీ ఎప్పుడు చేయించాలో మీ వైద్యుడితో మాట్లాడుకోండి. విదేశీ కుక్కను తెస్తున్నానని ఆయనకు ముందే చెప్పడం మర్యాద కూడా.

వచ్చిన రోజు. రోజుల తరబడి బండిలో ప్రయాణించి, తెలియని వాసనల మధ్య దిగిన కుక్క మొదట చేసే పని పారిపోవాలని చూడటం. ఇలా తప్పిపోయేవి ఎక్కువగా బండి తలుపు దగ్గరో, ఇంటి గుమ్మంలోనో తప్పించుకుంటాయి. మెడపట్టీకి ఒక తాడు, ఒంటికి కట్టే హార్నెస్‌కు ఇంకో తాడు, రెండూ వేరువేరుగా చేతిలో ఉండాలి. కారు తలుపులు మూశాకే బోను తెరవాలి. స్నానం, చుట్టాల పరామర్శ, పార్కు షికారు, ఏవీ మొదటి రోజుల్లో వద్దు. మూడు రోజులకు కాస్త తేరుకుంటుంది, మూడు వారాలకు ఇంటి పద్ధతి తెలుస్తుంది, మూడు నెలలకు మీదవుతుంది అనే లెక్క ఒకటి ప్రచారంలో ఉంది. షెల్టర్ కుక్కకు అది రమారమి సరిపోతుంది. వీధిలో పెరిగిన పెద్ద కుక్క విషయంలో దాన్ని నమ్ముకోకండి.

## మంచి జరిగేది ఎవరికి?

ఒక కుక్కను విమానమెక్కిస్తే ఆ కుక్క బతుకు మారుతుంది. ఆ ఊరి వీధుల్లో మాత్రం కుక్కల సంఖ్య తగ్గదు. ఖాళీ అయిన చోటును కొత్త పిల్లలు నింపేస్తాయి. సంఖ్యను తగ్గించేది స్థానికంగా చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, టీకాలు. కుక్కల్లో 70 శాతానికి టీకా వేస్తే రేబిస్ గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి పంపిన కుక్కల సంఖ్యను గొప్పగా చెప్పే సంస్థ కన్నా, అక్కడే ఎన్ని ఆపరేషన్లు చేశామో చెప్పే సంస్థను నేను ఎక్కువ నమ్ముతాను. పారదర్శకత లేని చోట "రెస్క్యూ" ముసుగులో కుక్కపిల్లలను పుట్టించి అమ్మే వ్యాపారం కూడా నడుస్తుంది. ఎప్పుడు చూసినా ముచ్చటైన పిల్లలే సిద్ధంగా ఉన్న సంస్థను అనుమానించండి.

## మూడో దారి

విదేశం నుంచి వచ్చి, ఇప్పటికే మీ దేశంలో ఒక ఫోస్టర్ ఇంట్లో, అంటే దత్తత కుదిరేదాకా తాత్కాలికంగా చూసుకునేవారి ఇంట్లో, కొన్ని వారాలుగా ఉంటున్న కుక్క కూడా ఉంటుంది. ఈ మార్గం గురించి ఎక్కువమంది అడగరు. నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. ఆ కుక్క మెట్లెక్కడం నేర్చుకుంది, మలమూత్రాలకు బయటికి వెళ్లడం నేర్చుకుంది, పిల్లిని చూస్తే ఏం చేస్తుందో తెలిసిపోయింది, రక్తపరీక్షల ఫలితాలు చేతిలో ఉన్నాయి. మీరు వెళ్లి చూడవచ్చు. దగ్గరి షెల్టర్లలో కూడా ఫోస్టర్ ఇళ్లలో ఉంచే కుక్కలుంటాయి, వాటికీ ఇదే మాట వర్తిస్తుంది.

| చూడవలసింది | దగ్గరి షెల్టర్ | విదేశం నుంచి నేరుగా | ఫోస్టర్ ఇంట్లో ఉన్న విదేశీ కుక్క |
|---|---|---|---|
| ముందే చూడటం | వీలవుతుంది, పలుమార్లు | ఫొటో, వీడియో మాత్రమే | వీలవుతుంది, ఇంటి వాతావరణంలోనే |
| ఇంటి జీవితం అలవాటు | కుక్కను బట్టి | చాలాసార్లు ఉండదు | కొంత వచ్చి ఉంటుంది |
| కొత్త జబ్బుల ముప్పు | తక్కువ | ఎక్కువ | ఉంది, పరీక్షలతో చాలావరకు తేలుతుంది |
| కాగితాల చిక్కు | తక్కువ | ఎక్కువ | ప్రయాణం అయిపోయింది, పత్రాలు సరిచూడాలి |
| దత్తత షరతులు | తరచూ కఠినం | సంస్థను బట్టి, కొన్నిచోట్ల మరీ సడలింపు | మధ్యస్థం |
| వెనక్కి తీసుకునేవారు | షెల్టర్ | ఒప్పందం చూస్తే గాని తెలియదు | సాధారణంగా ఫోస్టర్ సంస్థ |

## మీరు ఎవరు?

మొదటిసారి కుక్కను పెంచుతున్నవారు విదేశం నుంచి నేరుగా తెచ్చుకోకండి. భయపడే కుక్క సంకేతాలను చదవడం అనుభవంతో వచ్చేది. అది నేర్చుకునేలోపు కుక్కా మీరూ ఇద్దరూ అలసిపోతారు. దగ్గరి షెల్టర్‌లో రెండు మూడేళ్లు దాటిన, స్వభావం స్థిరపడిన కుక్క మీకు తగినది. కుక్కపిల్లే కావాలన్న పట్టుదల ఉంటే ఒకసారి ఆలోచించండి. పిల్ల పెద్దయ్యాక ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు, పెద్ద కుక్క ఎలా ఉంటుందో కళ్లముందే కనిపిస్తుంది.

చిన్నపిల్లలున్న ఇంటివారు ఏ కుక్కనైనా పిల్లలతో సహా వెళ్లి చూశాకే తెచ్చుకోవాలి. దీనిలో మినహాయింపు లేదు. అందువల్ల మీకు మొదటి, మూడో దారులే ఉన్నాయి.

ఇంట్లో ఇప్పటికే నెమ్మదైన పెద్ద కుక్క ఉన్నవారి పరిస్థితి వేరు. మనుషులంటే బెదిరే విదేశీ కుక్క కూడా తోటి కుక్కను చూసి ఇంటి పద్ధతులు త్వరగా నేర్చుకుంటుంది. అనుభవం, ఓపిక, కంచె ఉన్న పెరడు ఉంటే నేరుగా తెచ్చుకోవడానికి అందరికన్నా తగినవారు మీరే. ముందుగా మీ కుక్క టీకాలు, పిడుదుల మందు సరిచూసుకోండి. పిల్లి ఉన్నవారు మాత్రం ఆ కుక్కను పిల్లి దగ్గర పరీక్షించిన వీడియో లేకుండా ఒప్పుకోవద్దు.

అపార్ట్‌మెంటులో ఉండేవారికి లిఫ్టు, కారిడార్, మెట్ల దగ్గర ఎదురయ్యే పొరుగువారు రోజూ పరీక్షే. పొలాల్లోనో వీధుల్లోనో పెరిగిన కుక్కకు లిఫ్టు తలుపు మూసుకోవడమే పెద్ద గండం. ముసలి షెల్టర్ కుక్క ఇక్కడ చక్కగా ఇమిడిపోతుంది.

సెలవులకు వెళ్లిన చోట, రోజూ మీ వెంట నడిచిన ఫలానా కుక్కనే తెచ్చుకోవాలనుకునేవారి సంగతి ప్రత్యేకం. మీకు ఆ కుక్క తెలుసు, కానీ సముద్రపు ఒడ్డున, స్వేచ్ఛగా తిరిగే కుక్కగానే తెలుసు. అది ఎప్పుడైనా మూసిన గదిలో రాత్రి గడిపిందా? దానికి అక్కడ తిండి పెట్టేవారు, తోటి కుక్కలు ఉన్నాయా? ఉన్నాయంటే, ఆపరేషన్, టీకాల ఖర్చు భరించి అక్కడే ఉండనివ్వడం దానికి మేలు కావచ్చు. గాయపడినదో, కుంటిదో, ఒంటరి పిల్లో అయితే తెచ్చుకోండి. అయితే అక్కడే కొన్నాళ్లు ఎవరింట్లోనైనా ఉంచి, ఇంటి జీవితం దానికి పడుతుందో లేదో చూసి తెచ్చుకోండి.

## సంతకం పెట్టేముందు

ఒప్పందంలో వెనక్కి తీసుకునే వాక్యం ఎక్కడుందో వెతకండి. "కుదరకపోతే సంస్థే మరో ఇల్లు చూస్తుంది" అని ఉంటే చాలదు. చూసేదాకా కుక్క ఎక్కడ ఉంటుందో రాసి ఉండాలి. కొన్ని విదేశీ సంస్థలకు మీ దేశంలో ఒక్క ఫోస్టర్ ఇల్లు కూడా ఉండదు. కుక్క మీ పిల్లవాడిని కరిచిన రాత్రి వాళ్లు చేయగలిగింది ఫేస్‌బుక్‌లో ఒక పోస్టు పెట్టడమే. అలా తిరిగొచ్చిన కుక్కలు చివరికి చేరేది మీ దగ్గరి షెల్టర్‌కే. మైక్రోచిప్ ఎవరి పేరున నమోదవుతుందో, ఎప్పుడు మీ పేరుకు మారుతుందో, సంస్థ రెండో సంప్రదింపు నంబరుగా ఉంటుందో లేదో అడగండి. మీ ఊరికి అందుబాటులో ఉన్న ఫోస్టర్ ఇల్లు ఎక్కడో అడిగి, వాళ్లతో ఒకసారి ఫోనులో మాట్లాడండి. దానికి జవాబు ఇవ్వకముందే అడ్వాన్సు అడిగే సంస్థకు డబ్బు పంపకండి.